సంక్షోభకాలపు పాత పత్రికను చదివే పద్ధతి

అంతర్జాతీయ ఉద్రిక్తతల నాటి అమెరికన్ పత్రికను చదవబోయేవారు ముందుగా సంచిక తేదీని, అధ్యక్షుడు ప్రజలనుద్దేశించి మాట్లాడిన తేదీని పక్కపక్కన రాసుకోవాలి. 1962 అక్టోబరు 22 నాటి న్యూయార్క్ టైమ్స్‌నే తీసుకోండి. క్యూబాలో సోవియట్ క్షిపణుల సంగతి పత్రికకు అప్పటికే చాలావరకు తెలిసినా, అధ్యక్షుడు కెనడీ స్వయంగా ఫోన్ చేసి కోరడంతో, రాజధానిలో సంక్షోభ వాతావరణం నెలకొన్నదని మాత్రమే రాసి ఊరుకుంది. అసలు విషయం ఆ సాయంత్రం అధ్యక్షుని ప్రసంగంలో బయటపడింది.

తరువాత, వార్తకు ఇచ్చిన ప్రాధాన్యం తెలియడానికి, శీర్షిక ఎన్ని కాలమ్‌లలో ఉందో చూడండి. అమెరికా మద్దతుతో ప్రవాస క్యూబన్లు క్యూబాపై జరిపిన బే ఆఫ్ పిగ్స్ దాడికి పది రోజుల ముందు, 1961 ఏప్రిల్ 7న, వారి సన్నాహాలపై టైమ్స్ విలేకరి టాడ్ షుల్ట్స్ రాసిన వార్తకు నాలుగు కాలమ్‌ల శీర్షిక అనుకొని చివరికి ఒక్క కాలమ్‌కు కుదించారు. అమెరికా గూఢచార సంస్థ సీఐఏ ప్రస్తావనను, దాడి ఆసన్నమైందన్న మాటను తీసివేశారు. దీన్ని పిరికితనంగా కొట్టిపారేయడం తొందరపాటు, ఎందుకంటే ఈ మార్పుపై సంపాదకవర్గంలోనే గట్టి వాదన జరిగింది.

అధ్యక్షుని మాటలను కూడా తేదీల వారీగా చదవాలి. ఆ దాడి తరువాత, 1961 ఏప్రిల్ 27న, పత్రికాధిపతుల సభలో సంయమనం కోరిన కెనడీయే, టైమ్స్ ఆ దాడి గురించి మరింత రాసి ఉంటే ఘోరమైన పొరపాటు తప్పేదని తరువాత ఆ పత్రిక సంపాదకుడితో అన్నారు.