మోడ్‌బస్ గేట్‌వే: ఒక్క మీటర్ ఆగితే లైనంతా ఎందుకు తడబడుతుంది

మోడ్‌బస్ అంటే కరెంటు మీటర్ల లాంటి పరికరాల నుంచి రీడింగులు అడిగి తెచ్చే పద్ధతి. ఆర్‌ఎస్‌-485 అనే ఒకే సీరియల్ లైను మీద ఉన్న మీటర్లను ఈథర్‌నెట్‌కి కలిపే పెట్టె గేట్‌వే. వాటిని అడిగి రీడింగులు చూపించే కంప్యూటర్ సిస్టమ్ స్కాడా.

పింగ్ వస్తోంది, పోర్ట్ 502 కనెక్ట్ అవుతోంది, ఒక్క రీడింగూ రాదు

ఈథర్‌నెట్ వైపు వెతకడం ఆపండి. పింగ్ (పరికరం నెట్‌వర్క్‌లో పలుకుతోందా అని చూసే టెస్ట్) వచ్చి, మోడ్‌బస్ టీసీపీ వాడే పోర్ట్ 502 కనెక్ట్ అయిందంటే గేట్‌వే దాకా దారి బాగుంది, అంతే. దాని వెనక ఉన్న ఆర్‌ఎస్‌-485 లైను సంగతి పింగ్ చెప్పదు.

ముందు గేట్‌వే మోడ్ చూడండి. ఉత్త సీరియల్ టన్నెల్‌గా సెట్ అయి ఉంటే అది వచ్చిన బైట్లను ఉన్నవి ఉన్నట్టు లైను మీదకి పంపేస్తుంది. మోడ్‌బస్ టీసీపీ (ఈథర్‌నెట్ మీద నడిచే మోడ్‌బస్) హెడర్ తీసి సీఆర్‌సీ (డేటా చెడలేదని చూసే చెక్ కోడ్) కలిపే పని చేయదు, మీటర్ బదులివ్వదు. మోడ్ సరిగ్గానే ఉంటే బాడ్ రేట్ (లైను వేగం), పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్), స్లేవ్ అడ్రస్ (లైను మీద ఆ మీటర్ నంబరు) సరిచూసి, తర్వాత ఆర్‌ఎస్‌-485 లైనులోని ఏ, బీ అనే రెండు వైర్లు అటూ ఇటూ మార్చి చూడండి. ఆ పేర్లు కంపెనీలన్నీ ఒకేలా వాడవు. ఇంత చిన్న చెక్ వదిలేసి నేరుగా స్విచ్ మార్చేవాళ్లే ఎక్కువ. దయచేసి అలా చేయకండి.

అన్ని మీటర్లూ వస్తూ పోతూ ఉన్నాయి

గేట్‌వే పాడైందని కొత్తది తెప్పించేది ఇక్కడే. కొత్తది పెట్టినా అదే కథ.

మెయింటెనెన్స్ కోసం ఎవరో ఒక ఫీడర్ ఆఫ్ చేస్తారు. ఆ ప్యానెల్ మీటర్‌కి ఆగ్జిలరీ సప్లై (మీటర్ నడవడానికి కావాల్సిన కరెంటు) పోతుంది. స్కాడా మాత్రం దాన్ని అడుగుతూనే ఉంటుంది. గేట్‌వేలో టైమౌట్ (జవాబు కోసం ఆగే సమయం) 1000 మిల్లీసెకన్లు, రిట్రై (మళ్లీ అడిగే సార్లు) 3 అని ఉంటే, మొత్తం నాలుగుసార్లు అడుగుతుంది కాబట్టి బతికి లేని ఆ ఒక్క మీటర్ కోసం లైను 4 సెకన్లు ఆగిపోతుంది. ఆర్‌ఎస్‌-485 మీద ఒకసారికి ఒక ప్రశ్నే నడుస్తుంది కాబట్టి మిగతా మీటర్ల ప్రశ్నలన్నీ క్యూలో ఉండిపోతాయి. స్కాడా టైమౌట్ 1 సెకను అయితే వాటన్నిటినీ ఫెయిల్ అని రాసేసి మళ్లీ అడుగుతుంది. చాలా గేట్‌వేలు పాత ప్రశ్నలను కూడా వదలకుండా లైను మీదకి పంపుతాయి. ఆ జవాబులు పాత ట్రాన్సాక్షన్ ఐడీతో (ఏ ప్రశ్నకు జవాబో చెప్పే నంబరు) ఆలస్యంగా వస్తే స్కాడా పారేస్తుంది. హెచ్‌ఎంఐ (ఆపరేటర్ చూసే స్క్రీన్) కూడా అదే గేట్‌వేని అడుగుతుంటే క్యూ ఇంకా పెరుగుతుంది.

గుర్తుపట్టడం తేలికే. గేట్‌వే మీద టీఎక్స్ (పంపేది) లైటు వెలిగి ఆరుతుంటుంది, ఆర్‌ఎక్స్ (అందుకునేది) కొన్ని సెకన్లు కదలదు, తర్వాత గబగబా వెలుగుతుంది. లాగ్‌లో ఎక్సెప్షన్ 11 (మీటర్ జవాబివ్వలేదని గేట్‌వే చెప్పే కోడ్) ఎప్పుడూ ఒకే స్లేవ్ అడ్రస్‌కి కనిపిస్తుంది. ఆ మీటర్‌ని స్కాడాలో డిసేబుల్ చేయండి. మిగతావి కుదుటపడితే కారణం అదే.

9600 బాడ్‌లో 10 రిజిస్టర్లు (మీటర్ రీడింగులు దాచే గళ్లు) చదవడానికి వెళ్లేవి 8 బైట్లు, వచ్చేవి 25. లైను మీద పట్టేది దాదాపు 38 మిల్లీసెకన్లు. మీటర్ ఆలోచించుకునే సమయం కలిపినా 300 మిల్లీసెకన్ల టైమౌట్ మామూలుగా సరిపోతుంది, మాన్యువల్‌లో ఇంకా ఎక్కువ అడిగితే తప్ప. రిట్రై 0 లేదా 1 చాలు. స్కాడా టైమౌట్ గేట్‌వే మొత్తం సమయం కన్నా బాగా ఎక్కువ ఉండాలి, 2-3 సెకన్లు పెట్టండి. జవాబివ్వని డివైస్‌ని కొంతసేపు పక్కనపెట్టే సెట్టింగ్ స్కాడాలో ఉంటే తప్పకుండా ఆన్ చేయండి. తరచూ ఆఫ్ అయ్యే ప్యానెళ్ల మీటర్లను గేట్‌వే రెండో పోర్టుకి మార్చగలిగితే మిగతా లైనుకి ఆ బాధే ఉండదు.

మిగతావి

రెండు మీటర్లకి ఒకే అడ్రస్ ఉంటే సీఆర్‌సీ ఎరర్లు వస్తాయి, ఒక్కొక్కటే ఊడదీసి చూడండి. రీడింగ్ పక్క రిజిస్టర్‌ది వస్తుంటే 40001ని సున్నా నుంచి లెక్కపెట్టాలో ఒకటి నుంచో తేల్చుకోండి. ఎర్త్ పొటెన్షియల్ తేడా, గేట్‌వే ఫర్మ్‌వేర్ లోపం లాంటివి అరుదు, పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.