ఇంటి కంప్యూటర్ నుంచి వెబ్ సర్వర్‌కు ఫైళ్లు ఎక్కించే పద్ధతి

డొమైన్ పేరు కొని, హోస్టింగ్ సంస్థ దగ్గర ఏడాదికి ఇంతని కట్టి చోటు తీసుకున్న తరువాత, ఇంట్లో తయారుచేసుకున్న పేజీలను, బొమ్మలను ఆ సంస్థ సర్వర్ (సైటును అందరికీ అందించే కంప్యూటర్) మీదికి చేర్చే పని మిగులుతుంది. ఒకటి రెండు ఫైళ్లయితే హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్‌లో ఉండే ఫైల్ మేనేజర్ సరిపోతుంది. ఫోల్డర్లలో ఫోల్డర్లుగా వందల ఫైళ్లు ఉన్నప్పుడు మాత్రం ఈ పనికోసమే రూపొందించిన ప్రోగ్రాం ఉండాలి. ఉచితంగా దొరికే ఫైల్‌జిల్లా విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ పనిచేస్తుంది కాబట్టి ఇక్కడ దానినే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇదే పని చేసే విన్‌ఎస్‌సీపీ వాడేవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

మొదట తేల్చుకోవలసింది ఏ పద్ధతిలో పంపాలన్నది. ఎఫ్‌టీపీ, అంటే కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంపుకునే నియమావళి, చాలా పాతది. కాన్పూర్ ఐఐటీలో చదివి అమెరికాలోని ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్ దాని తొలి ప్రమాణాన్ని 1971లో రాశారు. ఆనాటి నెట్‌వర్క్‌లో ఉన్నవి కొద్దిపాటి కంప్యూటర్లే. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఏ మరుగూ లేకుండా ఉన్నదున్నట్టుగా ప్రయాణిస్తుంది, కాబట్టి దారిలో వినగలిగినవారెవరైనా దానిని చదువుకోవచ్చు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు 2021లో ఎఫ్‌టీపీని పూర్తిగా తీసివేశాయి. పేరులో పోలిక ఉన్నా ఎస్‌ఎఫ్‌టీపీ వేరే పద్ధతి. అది దూరంలోని కంప్యూటర్‌తో భద్రంగా సంప్రదించే ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతి మీద నడుస్తూ పాస్‌వర్డ్‌నూ ఫైళ్లనూ గుప్తలిపిలోకి మార్చి పంపుతుంది. మీ హోస్టింగ్‌లో ఎస్‌ఎఫ్‌టీపీ ఉంటే మరో ఆలోచన లేకుండా దానినే ఎంచుకోండి. లేకపోతే టీఎల్‌ఎస్ (పంపేదాన్ని గుప్తలిపిలోకి మార్చే పద్ధతి) రక్షణతో కూడిన ఎఫ్‌టీపీని వాడండి. రక్షణ లేని ఎఫ్‌టీపీ తప్ప మరేదీ ఇవ్వని సంస్థ దగ్గర చోటు తీసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

హోస్టింగ్ సంస్థ పంపిన ఈమెయిల్‌లో హోస్ట్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్, పోర్టు సంఖ్య (సర్వర్‌లోకి ఏ ద్వారం గుండా వెళ్లాలో చెప్పే అంకె) ఉంటాయి. ఎస్‌ఎఫ్‌టీపీకి సాధారణంగా 22, ఎఫ్‌టీపీకి 21 పోర్టులు. కొన్ని సంస్థలు భద్రత కోసం 22 బదులు వేరే సంఖ్య పెడతాయి. సంస్థ వెబ్‌సైటులో బిల్లు కట్టడానికి వాడే పాస్‌వర్డ్, ఫైళ్లు పంపడానికి వాడే పాస్‌వర్డ్ చాలాచోట్ల వేర్వేరుగా ఉంటాయి. ‘లాగిన్ కావడం లేదు’ అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ముందుగా చూడవలసింది ఇదే. ఫైల్‌జిల్లా ఫైల్ మెనూలోని సైట్ మేనేజర్‌లో కొత్త సైటును చేర్చి ఈ వివరాలు నింపండి. ఇంట్లో ఇతరులు కూడా వాడే కంప్యూటరైతే, లాగాన్ టైప్ దగ్గర ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగే ఎంపికను పెట్టుకోండి.

ఎస్‌ఎఫ్‌టీపీతో మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు, ఈ సర్వర్ తాళం నాకు తెలియదు, నమ్మమంటారా అని ఒక హెచ్చరిక వస్తుంది. తాళమంటే సర్వర్ తన గుర్తింపుగా చూపే సంకేతం. దానిని సంస్థ ఇచ్చిన ఫింగర్‌ప్రింట్‌తో, అంటే ఆ తాళాన్ని క్లుప్తంగా చూపే అక్షరాల వరుసతో సరిపోల్చుకుని ఒప్పుకోండి. ఆ తరువాత ఎప్పుడైనా తాళం మారిందని హెచ్చరిక వస్తే తొందరపడి ఓకే నొక్కకుండా సంస్థను అడిగి తెలుసుకోండి.

కనెక్ట్ అయ్యాక తెర రెండు భాగాలుగా కనిపిస్తుంది: ఎడమవైపు మీ కంప్యూటర్, కుడివైపు సర్వర్. కుడివైపు పబ్లిక్ అండర్‌స్కోర్ హెచ్‌టీఎమ్‌ఎల్ అనో, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ అనో, హెచ్‌టీడాక్స్ అనో ఒక ఫోల్డర్ ఉంటుంది. సందర్శకులకు కనిపించేది దాని లోపల ఉన్నది మాత్రమే. దాని పక్కనున్న మెయిల్, లాగ్‌ల ఫోల్డర్లను కదిలించకూడదు. ఇంట్లో ‘నాసైటు’ అనే ఫోల్డర్‌లో పని చేసుకున్నవారు ఆ ఫోల్డర్‌ను యథాతథంగా లాగి వదిలితే, సైటు చిరునామా చివర ఆ ఫోల్డర్ పేరు కూడా టైపు చేస్తే తప్ప పేజీ తెరుచుకోదు. కాబట్టి ఎడమవైపు ఫోల్డర్ లోపలికి వెళ్లి, అందులోని ఫైళ్లన్నింటినీ ఎంచుకుని లాగాలి. మొదటి పేజీ పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎమ్‌ఎల్ అని, అన్నీ చిన్న అక్షరాల్లో ఉండాలి.

పేర్ల విషయం ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో చక్కగా కనిపించిన సైటు సర్వర్ మీదికి వెళ్లగానే బొమ్మలు పోగొట్టుకోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. విండోస్ ఇంగ్లీషు పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా పాటించదు. వెబ్ సర్వర్లలో ఎక్కువగా ఉండే లినక్స్ పాటిస్తుంది. కెమెరా నుంచి వచ్చిన ఫొటో పేరు చివర జేపీజీ పెద్ద అక్షరాల్లో ఉండి, పేజీలో మీరు చిన్న అక్షరాల్లో రాసి ఉంటే, సర్వర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు ఫైళ్లు. పేరు మధ్యలో ఖాళీలు వదలకుండా హైఫన్ పెట్టండి.

ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టవచ్చా అంటే పెట్టవచ్చు, అయితే చిక్కులు తెలిసి పెట్టాలి. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి; వెబ్ చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా మారుతుంది. అందువల్ల ‘కథ’ అనే రెండక్షరాల పేరు, లింకును కాపీ చేసి వాట్సాప్‌లో అతికించినప్పుడు 18 అక్షరాల చాంతాడు కావచ్చు. లినక్స్‌లో ఫైలు పేరు సాధారణంగా 255 బైట్లు దాటకూడదు, అంటే 85 తెలుగు సంకేతాలు. గుణింతం గుర్తులూ పొల్లులూ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఇంతకన్నా ఇబ్బంది పెట్టేది, ‘హైదరాబాద్‌లో’ వంటి మాటల్లో పొల్లు నిలిచి ఉండటానికి మధ్యలో టైపు చేసే, కంటికి కనిపించని అక్షరం. ఫైలు పేరులో అది ఉండి లింకులో లేకపోతే, చూపుకు రెండూ ఒక్కలాగే ఉన్నా పేజీ దొరకదు. పేజీ లోపల ఎంత తెలుగైనా రాసుకోండి. ఫైలు పేరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఉంచితే ఈ బాధలేవీ ఉండవు.

పాత ఫైలు మీద కొత్తది వేసే ముందు సర్వర్ మీది ప్రతిని ఒకసారి ఇంటికి దింపుకోవాలి. ఓవర్‌రైట్ నొక్కిన తరువాత పాతది తిరిగి రాదు, హోస్టింగ్ సంస్థ బ్యాకప్‌లో మిగిలి ఉంటే తప్ప. సర్వర్ గడియారమూ మీ గడియారమూ ఏకీభవించకపోవచ్చు గనుక ‘కొత్తదైతేనే మార్చు’ అన్న ఎంపికను పూర్తిగా నమ్మకండి.

10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగమంటే సెకనుకు 1.25 మెగాబైట్లకు మించదు. 500 మెగాబైట్లకు తక్కువలో తక్కువ దాదాపు ఏడు నిమిషాలు పడుతుంది. అదే బరువు వేలాది చిన్న ఫైళ్లుగా ఉంటే చాలా ఎక్కువసేపు పడుతుంది, ఎందుకంటే ఒక్కో ఫైలుకూ సర్వర్‌తో విడిగా సంప్రదింపు జరగాలి. అటువంటప్పుడు అన్నిటినీ ఒకే జిప్‌గా చేసి పంపి, కంట్రోల్ ప్యానెల్ ఫైల్ మేనేజర్‌లో ఎక్స్‌ట్రాక్ట్ నొక్కండి. పని ముగిశాక ఆ జిప్‌ను సర్వర్ మీదనుంచి తీసివేయాలి, లేకపోతే దాని పేరు ఊహించినవారెవరైనా దింపుకోగలరు. ఫైళ్లను విడివిడిగా పంపితే, చివర కిందివైపున్న ఫెయిల్డ్ ట్రాన్స్‌ఫర్స్ ట్యాబ్ తప్పక చూడండి. మధ్యలో నెట్ తెగి ఆగిపోయిన ఫైళ్లు అక్కడ కనిపిస్తాయి, వాటిని ఎంచుకుని మళ్లీ వరుసలో పెట్టవచ్చు.

పేజీ తెరిచినప్పుడు 403 (చూడటానికి అనుమతి లేదు) అని వస్తే ఫైలు అనుమతులను పరిశీలించండి. కుడివైపు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ఎవరు చదవవచ్చో, ఎవరు మార్చవచ్చో చెప్పే సంఖ్యలుగా ఫైళ్లకు 644, ఫోల్డర్లకు 755 ఇవ్వడం ఆనవాయితీ. ఏది పనిచేయకపోయినా 777 పెట్టమని సలహా ఇచ్చేవారుంటారు. అది ఆ సర్వర్ మీది ప్రతి ఖాతాకూ మీ ఫైళ్లను మార్చే హక్కు ఇవ్వడం కాబట్టి ఆ సలహా పాటించకండి. 404 (పేజీ దొరకలేదు) వస్తే అనుమతులతో పనిలేదు, పేరునో ఫోల్డర్‌నో సరిచూసుకోవాలి. తెలుగు అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు కనబడితే, ఫైలును యూటీఎఫ్-8గా సేవ్ చేశారో లేదో, పేజీ తలభాగంలో ఆ సంగతి ప్రకటించారో లేదో చూడండి. అన్నీ సరిగానే ఉండి పాత పేజీయే వస్తూంటే అది బ్రౌజర్ దాచుకున్న ప్రతి కావచ్చు; కంట్రోల్‌తో పాటు ఎఫ్5 నొక్కి, ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో కూడా ఒకసారి తెరిచి చూడండి.