బిగ్ బ్యాండ్‌కి మాంబో రాయడం ఎలా?

మాంబో అంటే క్యూబా లయ మీద నడిచే డ్యాన్స్ సంగీతం. జాజ్ పాటకి రెండు కాంగాలు (చేత్తో కొట్టే పొడవాటి డోళ్లు), ఒక గంట తగిలిస్తే లాటిన్ అయిపోదు. 1940లో న్యూయార్క్‌లో గాయకుడు మాచితో ఆఫ్రో-క్యూబన్స్ బృందాన్ని మొదలుపెట్టాడు. అక్కడ ఆ బృందం సంగీత దర్శకుడు మారియో బౌసా చేసిందేమిటంటే, హార్లెమ్ జాజ్ బ్యాండ్ల హార్మనీని (స్వరాల కలయికని) తెచ్చి క్యూబా లయ మీద కూర్చోబెట్టడం. మీరూ లయ నుంచే మొదలుపెట్టండి. ట్రంపెట్లు చివర్లో.

1. క్లావే తేల్చుకోండి. పాట మొత్తాన్ని నడిపించే 5 దెబ్బల లయ అది. రెండు బార్లని (బార్‌కి 4 బీట్లు, బీట్‌కి 2 అక్షరాలు) 16 అక్షరాలుగా లెక్కపెడుతూ 1, 4, 7, 11, 13 మీద చప్పట్లు కొట్టండి. మొదటి బార్‌లో 3 దెబ్బలు, రెండో దాంట్లో 2, ఇది 3-2 క్లావే. బార్లు తారుమారు చేస్తే 2-3. ఏది కావాలో మీ ట్యూనే చెబుతుంది: సూటిగా బీట్ మీద పడే బార్ 2 వైపు, ఎదురు దెబ్బలు ఎక్కువున్న బార్ 3 వైపు. ఒకసారి మొదలయ్యాక క్లావే ఆగదు, తిరగబడదు. పాట మధ్యలో 3-2 నుంచి 2-3కి వెళ్లాలంటే, బేసి సంఖ్య బార్ల ఫ్రేజ్ ఒకటి రాయండి. క్లావే అలాగే నడుస్తుంది, తర్వాతి ఫ్రేజ్ దాని రెండో బార్ మీద మొదలై దిశ దానంతట అదే మారుతుంది. కొత్తవాళ్ల స్కోర్లు (అన్ని పార్టులూ కలిపి రాసిన కాగితాలు) ఎక్కువగా చెడేది ఇక్కడే. అందుకే క్లావేని స్కోరు పైన ఒక గీత మీద చివరిదాకా రాసిపెట్టుకోమంటాను.

2. బేస్‌కి తుంబావ్ రాయండి, అంటే తిరిగి తిరిగి వచ్చే బేస్ వరస. బార్‌లో ఉన్న 8 అక్షరాల్లో 4, 7 మీద మాత్రమే నోట్లు. ఒకటో అక్షరం ఖాళీ. 7 మీద పడే నోటు తర్వాతి బార్ కార్డ్‌ది (కార్డ్ అంటే కలిసి మోగే స్వరాల గుంపు), అంటే కార్డ్ ఒక బీట్ ముందే వచ్చేస్తుంది. కర్ణాటక సంగీతంలో అతీత ఎత్తుగడ (తాళం కంటే ముందే పాట మొదలవడం) విన్న చెవికి ఇది కొత్తగా అనిపించదు.

3. పియానోకి మొంటూనో, అంటే మళ్లీ మళ్లీ తిరిగే లయ పలుకు. కార్డ్‌ని విడగొట్టి, రెండు చేతుల్తో ఆక్టేవ్‌లలో, రెండు బార్ల పలుకు. 2 వైపు బార్ బీట్ మీద మొదలై, తర్వాత ఎదురు దెబ్బల్లోకి జారాలి. రెండు మూడు కార్డులు చాలు.

4. కాంగా, బోంగో (చిన్న జంట డోళ్లు), టింబాలే (కర్రలతో కొట్టే లోహపు డోళ్లు) వాళ్లకి ప్రతి దెబ్బా రాయకండి, వాళ్లకి తెలుసు. క్లావే దిశ, సెక్షన్ పేరు, బ్యాండ్‌తో కలిసి కొట్టాల్సిన దెబ్బలు ఇస్తే చాలు. ట్యూన్ నడుస్తున్నప్పుడు టింబాలే పక్క గోడ మీద కాస్కరా అనే లయ, మాంబో సెక్షన్ (బ్యాండ్ అంతా రిఫ్‌లు వాయించే చోటు) రాగానే గంటలు.

5. ఇప్పుడు 5 సాక్సోఫోన్లు, 4 ట్రాంబోన్లు, 4 ట్రంపెట్లు. పార్టుల మీద ‘స్ట్రెయిట్’ అని రాయండి, లేకపోతే అలవాటు కొద్దీ స్వింగ్ చేసేస్తారు, అంటే సమానంగా ఉండాల్సిన అక్షరాల్ని ఒకటి పొడవు, ఒకటి పొట్టి చేస్తారు. మాంబో సెక్షన్‌లో సాక్సులకి కింది స్వరాల్లో, యూనిసన్‌లో (అందరూ ఒకే స్వరంలో) ఒక చిన్న రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే పలుకు) ఇవ్వండి. అది నాలుగుసార్లు తిరిగాక, సాక్సులు ఊపిరి పీల్చుకునే ఖాళీల్లో ట్రాంబోన్లు జవాబు చెప్పాలి. ఆ రెంటి మీద ట్రంపెట్లు. 1947 నాటి ‘మాంతెకా’ ఇలా పొరలు పొరలుగా కట్టిందే: స్వరాలు రాయడం రాని క్యూబా కాంగా వాద్యకారుడు చానో పోసో ఒక్కో సెక్షన్ రిఫ్‌నీ నోటితో పాడి వినిపించాడు, జాజ్ ట్రంపెటర్ డిజీ గిలెస్పీ మధ్యలో బ్రిడ్జ్ (పాట నడిమి భాగం) కలిపాడు. మీరూ కీబోర్డ్ జోలికి పోకుండా పాడుతూ రాసి చూడండి. నోట పలకని రిఫ్ సాక్సులోనూ పలకదు. ఇంకొకటి, లీడ్ ట్రంపెట్‌ని పది నిమిషాలు పైస్థాయిలోనే నిలబెట్టకండి, పెదాలు పాపం.

6. వరస: ఇంట్రో, ట్యూన్, మొంటూనో మీద సోలో, మాంబో, మళ్లీ ట్యూన్, కోడా (ముగింపు). సోలో ఎన్నిసార్లు తిరగాలో అంకె వేయకండి, సైగతో బయటికి రానివ్వండి.

7. మొదటి రిహార్సల్‌లో బేస్, పియానో, డోళ్లు మాత్రమే మొత్తం పాట వాయించాలి. మిగతావాళ్లు క్లావే చప్పట్లు కొడుతూ తమ పార్టులు పాడాలి. ఎక్కడ చప్పట్లు తడబడతాయో ఆ బార్ దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, దిద్దాల్సింది అక్కడే.