గుళ్లో ఫోన్ పైకెత్తే ముందు: అరసవల్లి నుంచి సాలిహుండం దాకా వీడియో తీసేవారికి

గుళ్లో వీడియో తీయొచ్చా అని అడిగితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒకే జవాబు దొరకదు. ఒకచోట గడప దాటగానే కెమెరా లోపల పెట్టేయాలి. ఇంకోచోట గుడి చుట్టూ ఎంతసేపైనా తీసుకోవచ్చు కానీ స్టాండ్ వేయకూడదు. మరోచోట రాళ్లకు ఒక శాఖ, పూజకు ఇంకో శాఖ బాధ్యత వహిస్తాయి. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఫోన్ ఏది, లెన్స్ ఏది అన్నది కాదు. ఆ స్థలం ఎవరి చేతిలో ఉంది అన్నది. అది తెలిస్తే ఎవర్ని అడగాలో తెలుస్తుంది, అడిగితే ఏమంటారో కూడా చాలావరకు తెలుస్తుంది.

అరసవల్లి, శ్రీకూర్మం, రామతీర్థం, విజయనగరం పైడితల్లి అమ్మవారి గుడి దేవాదాయ శాఖ చూసుకునేవి. 1987 నాటి దేవాదాయ చట్టం కింద నడిచే గుళ్లలో అనుమతి ఇచ్చేది కార్యనిర్వహణాధికారి, అంటే ఈవో. అర్చకుడు సరే అన్నంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. అయ్యవారు మొహమాటానికి తలూపుతారు, సెక్యూరిటీ వాళ్లు వచ్చి ఆపేస్తారు, చివరికి మాట పడేది అయ్యవారే.

సాలిహుండం బౌద్ధ స్తూపాలు, శ్రీముఖలింగం ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. చర్చిలకైతే పాస్టరు గారో ఫాదరో, సంఘ పెద్దలో ఉంటారు. వాళ్లను ప్రార్థనకు ముందు రోజే అడగాలి. ప్రార్థన మధ్యలో సైగ చేసి అడిగితే ఎవరికైనా కాదనాలనే అనిపిస్తుంది.

గర్భగుడి సంగతి

మూలవిరాట్టును తీయకూడదన్నది మన గుళ్లలో దాదాపు ఎక్కడికెళ్లినా ఉండే మాట. ప్రాణప్రతిష్ఠ జరిగిన మూర్తిని దర్శించుకోవాలి తప్ప పట్టుకుపోకూడదన్న భావం దాని వెనుక ఉంది. ఉత్సవమూర్తి సంగతి వేరు. ఊరేగింపులో, తెప్పోత్సవంలో, రథం మీద స్వామి బయటికి వచ్చేది అందరికీ కనబడడానికే. మీ వీడియోకి దేవుడి రూపం తప్పనిసరి అనుకుంటే లోపల దొంగచాటుగా ప్రయత్నించకండి, ఉత్సవం రోజు చూసుకుని రండి.

అరసవల్లిలో ఏటా మార్చిలో 9, 10 తేదీల ప్రాంతంలో, అక్టోబరు మొదటి రెండు మూడు రోజుల్లో పొద్దున్నే సూర్యకిరణాలు సూర్యనారాయణ స్వామి పాదాల మీద పడతాయి. మబ్బు లేకపోతే కొద్ది నిమిషాలు కనిపిస్తాయి. ఆ కిరణాలు తూర్పు నుంచి, నేలకి దగ్గరగా, మండపం గుండా లోపలికి రావాలి. ఆ దారిలో నిలబడి వందమంది ఫోన్లు పైకెత్తితే ఆ చేతుల నీడే లోపల పడుతుంది. ఇక్కడ తీయొద్దంటే ఆచారం ఒక్కటే కారణం కాదు, ఆ దృశ్యం దక్కాలన్నా తీయకూడదు. ఆ ఉదయం రాజగోపురం, బయట బారులు తీరిన జనం, ఆకాశంలో వెలుగు మారడం తీసుకోండి. లోపలి సంగతి మాటల్లో చెప్పండి.

అరసవల్లి గుడి కోనేరు ఇంద్రపుష్కరిణి దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. స్నానం చేసేవాళ్లు, తడిబట్టలు మార్చుకునేవాళ్లు ఫ్రేములో పడకూడదు. వంశధార రేవుల్లో కార్తీక స్నానాలకైనా, ముఖలింగంలో చక్రతీర్థ స్నానానికైనా ఇదే మాట. ఆడవాళ్లు బట్టలు మార్చుకుంటుండగా తీయడం, పంచుకోవడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. అనుకోకుండా పడిందని చెప్పినా పోస్టు చేశాక వినేవాళ్లు ఉండరు. రేవును తీయాలనుకుంటే జనం లేని మధ్యాహ్నం వెళ్లండి.

ఈవోకి అర్జీ ఎలా రాయాలి

నోటిమాట అనుమతి గేటు దగ్గర పనికిరాదు. తెల్లకాగితం మీద ఒక్క పేజీ చాలు. అందులో మీ పేరు, చిరునామా, గుర్తింపు కార్డు నకలు, తేదీ, ఏ సమయం నుంచి ఏ సమయం దాకా, ఎంతమంది వస్తారు, ఏ సామాను తెస్తారు అన్నవి రాయండి. సామాను విడివిడిగా రాయాలి: ఫోన్లు రెండు, గింబల్ (ఫోన్ ఊగకుండా పట్టే పిడి) ఒకటి, వైర్‌లెస్ మైకులు రెండు అన్నట్టు. ఆ కాగితంలో లేనిది గేటు దగ్గర కనబడితే మొత్తం అనుమతే సందేహంలో పడుతుంది. ఎక్కడెక్కడ తీస్తారో కూడా పేరు పెట్టి చెప్పాలి. ఆలయ ప్రాంగణం అని రాస్తే అధికారికి అర్థం కాదు. రాజగోపురం బయట, ప్రాకారం లోపల తూర్పు వైపు, ధ్వజస్తంభం దాకా అని రాస్తే సంతకం పెట్టడం సులువు. గర్భాలయం, అంతరాలయం తీయబోమని ఒక వాక్యం, ఛానెల్‌కి ప్రకటనల ఆదాయం వస్తుందా రాదా అన్నది ఇంకో వాక్యం. ఆదాయం సంగతి దాచకండి. తర్వాత బయటపడితే అనుమతి రద్దు కావడమే కాదు, మీ తర్వాత అడిగేవాడికి కూడా తలుపు మూసుకుంటుంది.

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మామూలు రోజులకు వారం ముందు, ఉత్సవాలకు కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వడం మంచిది. అరసవల్లికి ఆదివారం అడక్కండి. అది స్వామి వారం. మాఘమాసం ఆదివారాల్లో, రథసప్తమికి కాలు పెట్టే చోటుండదు. మంగళవారం నుంచి గురువారం లోపు మధ్యాహ్నం వేళ అయితే సిబ్బందికీ తీరిక, మీకూ ఖాళీ.

రామతీర్థంలో కాస్త ఎక్కువగా అడుగుతారు. 2020 డిసెంబరులో బోధికొండ మీద కోదండరాముడి విగ్రహాన్ని ధ్వంసం చేశాక ఆ కొండ మీద కొత్త మొహం కనబడితే ఊరివాళ్లు కూడా ఆరా తీస్తారు. అందులో తప్పేం లేదు. అనుమతి కాగితం చేతిలో పెట్టుకుని, అడిగిన ప్రతివాళ్లకీ ఓపిగ్గా చూపించండి.

ముఖలింగం, సాలిహుండం

పురావస్తు శాఖ 2018 జులైలో ఒక మార్పు తెచ్చింది. తాజ్‌మహల్ సమాధి లోపలి భాగం, అజంతా కుడ్యచిత్రాలు, లేహ్ ప్యాలెస్ తప్ప మిగతా రక్షిత కట్టడాల ఆవరణల్లో సందర్శకులు ఫోటోలు తీసుకోవచ్చంది. ఈ వెసులుబాటు చేత్తో పట్టుకుని, సొంతానికి తీసుకునేవాళ్లకి. ట్రైపాడ్, లైట్లు, రిఫ్లెక్టర్లు, బట్టలు మార్చుకుంటూ పెళ్లికి ముందు చేసే షూటింగులు ఇందులోకి రావు. వాటికి ముందుగా అమరావతి సర్కిల్ కార్యాలయం నుంచి అనుమతి తెచ్చుకోవాలి. సినిమా తరహా చిత్రీకరణకైతే 1959 నిబంధనల కింద లైసెన్సే కావాలి. అదీ మామూలుగా కప్పు లేని భాగాలకే.

సాలిహుండంలో కొందరు చేసే పెద్ద తప్పు స్తూపం ఇటుకల మీదకెక్కి నిలబడడం. వెనక వంశధార, ముందు మనిషి, ఫ్రేము బాగుంటుందనుకుంటారు. 1919లో గిడుగు వెంకట రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన చోటది. అంచు ఇటుక ఒక్కటి కదిలితే వానాకాలంలో నీళ్లు లోపలికి దిగి పక్కవీ వదులవుతాయి. రక్షిత కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. నది కావాలంటే కొండ అంచున నిలబడి విడిగా తీయండి, స్తూపాన్ని ఇంకో షాట్‌లో తీసి ఎడిటింగులో కలుపుకోండి.

ముఖలింగంలో రెండు అనుమతులు అన్న సంగతి మరవకండి. మధుకేశ్వరాలయంలో నిత్యపూజ జరుగుతుంది. శిల్పాలు తీసుకోవచ్చని పురావస్తు సిబ్బంది అన్నా, గర్భగుడి వైపు తిప్పడం దేవస్థానం మాట మీదే ఆధారపడుతుంది. శిల్పాల కోసమే వెళ్తే సోమేశ్వరాలయం దగ్గర మొదలుపెట్టండి. ఊళ్లోకి వెళ్తుంటే విడిగా నిలబడి ఉంటుంది. ద్వారం చుట్టూ, గోడల మీద పని అంతా ఆరుబయటే ఉంది కనుక లైటు అవసరం లేదు. ఎండ ఏటవాలుగా పడే పొద్దున్న, సాయంత్రం చెక్కడం లోతు తెలుస్తుంది. నడినెత్తిన ఉన్నప్పుడు రాయి చదునుగా కనిపిస్తుంది.

చీకటి మండపంలో

శ్రీకూర్మం మండపాల కుడ్యచిత్రాల దగ్గర తీయనిచ్చినా ఫ్లాష్, వీడియో లైటు వాడకండి. సహజ రంగుల మీద గట్టి వెలుతురు మళ్లీ మళ్లీ పడడం మంచిది కాదు, పైగా గోడ మెరుపు తప్ప బొమ్మ రాదు. ఫోన్‌ని 1ఎక్స్ లెన్స్‌లోనే ఉంచండి, వైడ్ లెన్స్ వెలుతురు తక్కువ తీసుకుంటుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి మెల్లగా వదులుతూ పది సెకన్ల చొప్పున తీయండి. గోడకి మాత్రం ఆనకండి. వేళ్ల నూనె, చెమట ఆ రంగులకి ఫ్లాష్ కన్నా పెద్ద శత్రువులు.

ట్యూబులైట్లున్న చోట వీడియోలో అడ్డచారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు వందసార్లు మినుకుమంటుంది. ఫోన్లు సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములకు అమర్చి వస్తాయి. సెట్టింగుల్లో 25 ఫ్రేములు, షట్టరు సెకనులో 50వ వంతు పెట్టుకుంటే చారలు పోతాయి. వెలుతురు ఎక్కువైతే వందలో ఒక వంతు పెట్టండి.

శ్రీకూర్మంలోని నక్షత్ర తాబేళ్లను చేతిలో పట్టుకుని, తిరగేసి రీల్స్ చేయకూడదు. అవి వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షిత జీవులు. నేల మీద కూర్చుని, వాటి ఎత్తులో ఫోన్ పెట్టి, ఆకు తినేదాకా ఆగండి. అలా వచ్చిన షాటే బాగుంటుంది.

సిరిమానోత్సవం, డ్రోన్

విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పొడవాటి మాను, ఊరేగుతుంది. పాలధార, అంజలిరథం, తెల్ల ఏనుగు, జాలరి వల వెంట రాగా, మాను కొసన కూర్చున్న పూజారితో సిరిమాను గుడికి, కోటకి మధ్య మూడుసార్లు తిరుగుతుంది. వీధిలో ఎవరైనా తీసుకోవచ్చు. మూడుసార్లు వస్తుంది కాబట్టి మొదటిసారే తోసుకుపోకండి. మొదటిదానికి ఫోన్ దించి దారి, ఎత్తు, వెలుతురు చూసుకోండి. రెండోసారి తీయండి. మాను తిరిగే మలుపుల్లో, తాళ్లు లాగేవాళ్ల దగ్గర నిలబడకండి. మేడ మీద నుంచి తీయాలంటే ఆ ఇంటివాళ్లను ముందు రోజే అడగాలి, పిట్టగోడ మీద కూర్చోకూడదు.

డ్రోన్ మాత్రం ఊరికే ఎగరేసేది కాదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం, ఆంక్షలు లేనిదని మ్యాప్‌లో చూపిన గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు కానీ, ఎస్పీ హోదా అధికారి ఒక ప్రాంతాన్ని 96 గంటల దాకా డ్రోన్ ఎగరేయకూడని తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. జాతర రోజుల్లో అలా జరిగే వీలెక్కువ. 250 గ్రాములు దాటిన, రెండు కిలోల లోపు డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ వద్దన్న మినహాయింపు వాణిజ్యేతర వాడకానికే. ఆదాయం వచ్చే ఛానెల్‌కి తీస్తూ వాణిజ్యం కాదని చెప్పడం కష్టం. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కలైతే ఎగరేసే రోజే అధికారిక మ్యాప్ చూడండి. కింద లక్షల తలలున్న చోట డ్రోన్ వద్దన్నదే మా మాట.

మార్మన్ల చోట్లకి వెళ్తే

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన జిల్లాల పెద్దలు సాల్ట్ లేక్ సిటీ చూసి వీడియోలు పెడుతుంటారు. ఆ ఊరు కేంద్రంగా ఉన్న లేటర్ డే సెయింట్స్ అనే క్రైస్తవ సంఘం వాళ్ల, అంటే మార్మన్ల దగ్గర రెండు రకాల భవనాలున్నాయి, అవి కలిపేసుకుంటేనే చిక్కు. సమావేశ మందిరంలోకి ఆదివారం ఎవరైనా వెళ్లొచ్చు. కానీ ప్రార్థన జరిగే హాల్లో ఫోటో, వీడియో తీయనివ్వరు. బాప్తిస్మాలు కూడా తీయనివ్వరు. ఇది వారి సంఘం రాసిపెట్టుకున్న నియమమే, మిమ్మల్ని చూసి పెట్టింది కాదు. టెంపుల్ అన్నది వేరు. ప్రతిష్ఠ అయ్యాక లోపలికి సంఘ సభ్యులు, అదీ అర్హత పత్రం ఉన్నవాళ్లే వెళ్తారు. మన గర్భాలయం తెలిసినవాళ్లకి ఇది అర్థం కావడానికి నిమిషం పట్టదు.

బయట తోటలు, భవనం ముందుభాగం సొంతానికి తీసుకోవచ్చు. పెళ్లి బట్టల్లో బయటికొచ్చే జంటలను మాత్రం అడక్కుండా తీయకండి. సాల్ట్ లేక్ టెంపుల్ 1893లో ప్రతిష్ఠ అయింది, మరమ్మతుల కోసం 2019 డిసెంబరు చివర మూసేశారు. మళ్లీ ప్రతిష్ఠకు ముందు 2027లో కొన్ని నెలలు అందరికీ లోపల చూపిస్తామని ప్రకటించారు. అలాంటి రోజుల్లో కూడా లోపల కెమెరా తీసే ముందు అక్కడి వాలంటీర్లను అడగాలి. మన దేశంలో బెంగళూరు టెంపుల్‌ని 2018లో ప్రకటించి, 2020 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. ఆ వైపు వెళ్లినా ఇవే నియమాలు.

ఆపమన్నప్పుడు, పోస్టు చేసేటప్పుడు

ఎక్కడైనా సరే లైవ్ పెట్టకండి. లైవ్‌లో పిల్లల మొహం, ఏడుస్తూ మొక్కుకునే మనిషి, పొరపాటున కనబడిన గర్భగుడి, ఏదీ వెనక్కి తీసుకోలేరు. మైకులో మోగే భక్తిపాటలు వీడియోలో పడితే పాట హక్కుదారు మీ ఆదాయాన్ని తీసుకోవచ్చు. స్పీకరుకు దూరంగా ఒక నిమిషం గంటల చప్పుడు, జనం సందడి విడిగా రికార్డు చేసి దాన్ని వీడియో వెనక శబ్దంగా పెట్టండి.

సిబ్బంది ఆపమంటే అక్కడే ఫోన్ దించి, అనుమతి పత్రం చూపించి, ఆఫీసులో మాట్లాడదామనండి. క్యూ మధ్యలో వాదన పెట్టుకుంటే వెనకున్న భక్తులు మీ మీదకే వస్తారు. తీసింది చెరిపేయమంటే గ్యాలరీలోంచి తీసేస్తే చాలదు. ఈమధ్య తొలగించినవి దాచే ఫోల్డర్‌లో అది దాదాపు నెలరోజులు ఉంటుంది, క్లౌడ్‌లోకి వెళ్లిపోయి కూడా ఉండొచ్చు. ఆ రెండుచోట్లా వాళ్ల ఎదుటే తీసేసి చూపించండి.