ప్రెప్, పెప్, డాక్సీపెప్: ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి

పేర్లు దగ్గరగా ఉండేసరికి చాలామంది ప్రెప్, పెప్ ఒకటే అనుకుంటారు. రెండూ హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందులే, కానీ సెక్స్‌కి ముందు నుంచే వాడేది ప్రెప్, కండోమ్ చిరిగిపోయాకో అసలు వాడలేదని గుర్తొచ్చాకో వాడేది పెప్. పెప్‌ని 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వేసుకోవాలి, గంటలు గడిచేకొద్దీ దాని పని తగ్గిపోతుంది కాబట్టి తెల్లారాక చూద్దాంలే అనుకోకుండా అప్పుడే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ప్రెప్‌కి అంత తొందర లేదు, ముందు టెస్టులు చేయించుకోండి. ఫ్రెండ్ దగ్గర మిగిలిన మాత్రలు తెచ్చి మింగేసేవాళ్లున్నారు, నాకు అస్సలు నచ్చని పని అది. ఒంట్లో అప్పటికే హెచ్ఐవీ ఉంటే ఆ మాత్రలోని టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ అనే రెండు మందులే దాన్ని అణచలేవు, పైగా వైరస్ వాటికి లొంగకుండా తయారవ్వొచ్చు. కిడ్నీల కోసం క్రియాటినిన్ టెస్టు, దాంతోపాటు హెపటైటిస్ బి టెస్టు కూడా కావాలి. ఈ మందులు హెపటైటిస్ బిని కూడా అదుపులో పెడతాయి, అది ఉన్నవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే లివర్ దెబ్బతినొచ్చు.

తర్వాత రోజుకో మాత్ర. మానకుండా వేసుకుంటే సెక్స్ ద్వారా హెచ్ఐవీ వచ్చే ప్రమాదం దాదాపు 99 శాతం తగ్గుతుంది. ఏనల్ సెక్స్‌కి పూర్తి రక్షణ రావడానికి సుమారు 7 రోజులు, యోనికి సుమారు 21 రోజులు పడుతుంది. మొదట్లో కాస్త వికారం, తలనొప్పి ఉంటే కంగారుపడకండి, చాలామందికి కొన్ని వారాల్లో అవే పోతాయి.

రోజూ మింగడం నా వల్ల కాదు అనే మగవాళ్లకు, మగవాళ్లతోనే సెక్స్ అయితే, 2-1-1 పద్ధతి ఉంది. శనివారం రాత్రి 10కి కలుస్తున్నారనుకోండి, సాయంత్రం 7కి రెండు మాత్రలు, ఆదివారం 7కి ఒకటి, సోమవారం 7కి ఒకటి. మొదటి రెండూ కనీసం 2 గంటల ముందు పడాలి. ఆదివారం కూడా కలిస్తే, చివరిసారి తర్వాత రెండు రోజుల వరకు రోజుకొకటి లాగించాలి. హెపటైటిస్ బి ఉంటే ఇది వద్దు. మాత్రలే వద్దంటే రెండు నెలలకోసారి కాబొటెగ్రవిర్, ఆరు నెలలకోసారి లెనాకపవిర్ ఇంజెక్షన్లు ఉన్నాయి.

అయితే సెక్స్ ద్వారా అంటుకునే సిఫిలిస్‌నీ గనేరియానీ ప్రెప్ ఆపదు. కండోమ్ అందుకే. గత ఏడాదిలో ఇలాంటి ఇన్ఫెక్షన్ వచ్చిన గే పురుషులకు, ట్రాన్స్ మహిళలకు డాక్టర్లు డాక్సీపెప్ రాస్తున్నారు, అంటే సెక్స్ తర్వాత 72 గంటల్లోపు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 200 మిల్లీగ్రాములు, 24 గంటల్లో అంతకు మించకుండా. సిఫిలిస్, క్లామిడియాల మీద బాగా పనిచేస్తుంది, గనేరియా మీద అంతంతమాత్రం. గ్లాసు నిండా నీళ్లతో మింగి అరగంట పాటు పడుకోకండి, లేదంటే గొంతులోంచి గుండె దాకా మంట. ఐరన్, కాల్షియం మాత్రలకు రెండు గంటలు దూరం పెట్టండి, ఎండలో ఎక్కువగా తిరగకండి. ప్రెప్ వాడేవాళ్లు మూడు నెలలకోసారి హెచ్ఐవీతోపాటు మిగతా టెస్టులూ చేయించుకోవాలి, గొంతు, మలద్వారం శాంపిల్స్ కూడా తీయమని మీరే అడగండి, మూత్రం ఒక్కటే చూస్తే అక్కడి ఇన్ఫెక్షన్ దొరకదు.