బోర్డు పోయిందని తేల్చేసే ముందు: మదర్‌బోర్డు సమస్యలు, వాటి పరిష్కారాలు

ఏప్రిల్ రెండో వారం దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, సిస్టమ్ దానంతట అదే స్లో అయిపోతోంది, బోర్డు పోయినట్టుంది, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి బయల్దేరుతున్నా, ఏ బోర్డు తీసుకోమంటావ్?" అని. బండి స్టాండ్ వేసి ముందు నేను అడిగినవి చెప్పు అంటాను. ఎందుకంటే నేను చూసినంతలో బోర్డు నిజంగా చచ్చిపోయిన కేసులు తక్కువ. ప్రాసెసర్‌కి తగని బోర్డు కొనడమో, ఇంటి కరెంటు సరిగ్గా లేకపోవడమో, బయోస్ (ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే, బోర్డులోనే ఉండే చిన్న సాఫ్ట్‌వేర్) పాతదవడమో, ఎక్కువగా ఇవే ఉంటాయి. ఇవి చూసుకోకుండా కొత్త బోర్డు తెచ్చి బిగిస్తే అదే రోగం మళ్లీ వస్తుంది, జేబు మాత్రం ఖాళీ అవుతుంది.

మధ్యాహ్నం పూట గేమ్ ఆడుతుంటే, వీడియో రెండర్ పెడితే పది నిమిషాలకి స్పీడ్ పడిపోతోంది

మా చిన్నాన్న కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో పెంట్‌హౌస్‌లో ఉంటాడు. పేరుకే పెంట్‌హౌస్, డాబా మీద ఒక్క గది, మే నెలలో మూడింటికి గోడ మీద చెయ్యి పెట్టలేం. వాడిది ఇంటెల్ 12700 ప్రాసెసర్, హెచ్610 అనే చౌక రకం బోర్డు. ప్రీమియర్‌లో (వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) ఎక్స్‌పోర్ట్ పెట్టగానే 4 గిగాహెర్ట్జ్ పైన పరిగెడుతుంది, కాసేపటికి 2 దగ్గరికి జారి అక్కడే కూర్చుంటుంది. ప్రాసెసర్ టెంపరేచర్ చూస్తే 70 డిగ్రీలే, అందుకని వాడికి ఏమీ అర్థం కాలేదు, థర్మల్ పేస్ట్ రెండుసార్లు మార్చాడు పాపం. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే, టెంపరేచర్లు చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టి కిందికి స్క్రోల్ చేస్తే వీఆర్‌ఎం అని ఒక లైన్ ఉంది, అది 110 దాటింది.

వీఆర్‌ఎం అంటే ప్రాసెసర్ సాకెట్ పక్కన ఉండే కరెంటు సర్క్యూట్. ఎస్‌ఎంపీఎస్ (కేబినెట్‌లో ఉండే పవర్ సప్లై డబ్బా) నుంచి వచ్చే 12 వోల్టులని ప్రాసెసర్‌కి కావలసిన 1.2, 1.3 వోల్టులకి దించేది అదే. వోల్టు తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయి కదా, ప్రాసెసర్ 150 వాట్లు లాగిందంటే ఆ సర్క్యూట్‌లోని మాస్‌ఫెట్లనే చిన్న స్విచ్చుల గుండా దాదాపు 120 ఆంపియర్లు పోతున్నట్టు లెక్క. మన బాత్రూంలో 2000 వాట్ల గీజర్ లాగేది 9 ఆంపియర్లే. 12700 డబ్బా మీద 65 వాట్లు అని ఉంటుంది గానీ టర్బోలో, అంటే గరిష్ఠ వేగంలో, 180 దాకా పోతుంది, ఆ బోర్డు మీదేమో మాస్‌ఫెట్లకి వేడి లాగే లోహపు హీట్‌సింక్ కూడా లేదు. కాలిపోకుండా కాపాడుకోవడానికి బోర్డే ప్రాసెసర్‌ని నెమ్మది చేస్తోంది, అంతే.

అప్పటికప్పుడు చేసింది ఏంటంటే, బయోస్‌లో లాంగ్ డ్యూరేషన్ పవర్ లిమిట్ అనే చోట 90 వాట్లు పెట్టాను. మొదటి నిమిషంలో స్పీడ్ తగ్గినట్టు కనిపిస్తుంది గానీ గంట పని మొత్తం మీద ముందుకంటే త్వరగానే అయిపోతుంది, ఎందుకంటే 2 గిగాహెర్ట్జ్‌కి పడిపోవడం ఉండదు. తర్వాత వెనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి బిగించాం, అది లేకుండానే షాపులో కట్టి ఇచ్చేశారు. వాటర్ కూలర్ పెట్టుకున్నవాళ్లు ఇక్కడ ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి, మామూలు ఫ్యాన్ కూలర్ అయితే దాని గాలి ఎంతో కొంత వీఆర్‌ఎం మీద పడుతుంది, వాటర్ కూలర్‌తో ఆ గాలి కూడా ఉండదు.

కొత్తది కొనేటప్పుడు మాత్రం డబ్బా మీద రాసిన ఫేజ్‌ల (వీఆర్‌ఎంలో కరెంటు పంచుకునే దారుల) సంఖ్య చూసి మోసపోకండి, 12+2 అన్నంత మాత్రాన లోపల మంచి మాస్‌ఫెట్లు ఉన్నట్టు కాదు. హీట్‌సింక్ సాకెట్‌కి రెండు వైపులా ఉందా, దానికి బరువుందా, లేక రేకు ముక్క అతికించి పైన డ్రాగన్ బొమ్మ వేశారా చూడండి. సరిగ్గా అదే బోర్డుకి వీఆర్‌ఎం టెంపరేచర్ కొలిచి పెట్టిన రివ్యూ దొరికితే ఇంకా మంచిది, అయితే ఆ టెస్టులు చాలావరకు 20, 25 డిగ్రీల గదుల్లో చేస్తారు, మన మే నెలకి ఇంకో 15 డిగ్రీలు కలుపుకోండి. ఇంటెల్ ఐ5, ఏఎండీ రైజెన్ 5 లాంటివాటికి హీట్‌సింక్ ఉన్న మామూలు బీ760, బీ650 బోర్డులు చాలు. లైట్లకి పెట్టే డబ్బు వీఆర్‌ఎంకి పెట్టమంటే మన పిల్లలు వినరు, అది వేరే సంగతి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు

మొదట మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉండగా బోర్డుకి గుచ్చేవాళ్లు బోలెడుమంది. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లకి లోపల గ్రాఫిక్స్ ఉండదు, బోర్డు మీద పోర్టు ఉన్నా బొమ్మ రాదు. తర్వాత, బోర్డు పైమూలలో ప్రాసెసర్ కోసం విడిగా 8 పిన్ల కేబుల్ పెట్టారా? ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కండి.

డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ వాళ్లకి ఒక మాట. మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ముఖ్యంగా ఏఎం5 (ఏఎండీ సాకెట్) బోర్డుల్లో, ర్యామ్‌తో సర్దుకోవడానికి మెమరీ ట్రైనింగ్ అని కొన్ని నిమిషాలపాటు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. మనవాళ్లకి అంత ఓపికెక్కడిది, నిమిషానికోసారి స్విచ్ ఆపి వేస్తుంటారు, ఆపిన ప్రతిసారీ అది మళ్లీ మొదటికొస్తుంది. ఆన్ చేసి వెళ్లి చాయ్ తాగి రండి.

ఇవన్నీ చూశాక కూడా రాకపోతే బయోస్ అనుమానించాలి. బోర్డు గోడౌన్‌లో ఏడాదిన్నర పడుండి, ప్రాసెసర్ నిన్నగాక మొన్న వచ్చిందైతే బోర్డు ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. సాకెట్ ఒకటే, పిన్లు సరిపోతాయి, అయినా లేవదు. బీ450 వచ్చింది 2018లో, రైజెన్ 5000 వచ్చింది 2020 చివర్లో, ఆ జంటతో ఎంతమంది ఇబ్బంది పడ్డారో. 2022 నాటి బీ650 పాత స్టాక్‌కి 2024లో వచ్చిన రైజెన్ 9000 పెట్టినా ఇదే కథ. వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డైతే పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, కంపెనీ సైటులో మీ బోర్డు పేజీ నుంచి దించిన ఫైలుకి వాళ్లు చెప్పిన పేరు పెట్టి, గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టులో గుచ్చి బటన్ నొక్కితే ప్రాసెసర్ లేకపోయినా అప్‌డేట్ అవుతుంది. లైటు మెరవడం ఆగేదాకా ముట్టుకోవద్దు, కరెంటు పోయే టైములో అసలు మొదలుపెట్టొద్దు. నన్నడిగితే ఈ బటన్, దానితో పాటు సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు, ఈ రెండూ లేని బోర్డు కొనను. ఆ లైట్లలో ఏది వెలిగి ఆగిపోయిందో చెబితే సగం జబ్బు ఫోన్లోనే తేలిపోతుంది.

6000 ర్యామ్ కొన్నాను, 4800 అని చూపిస్తోంది

ర్యామ్‌ది తప్పు కాదు, బోర్డుదీ కాదు. డీడీఆర్5 మామూలుగా 4800 లాంటి స్పీడ్‌లోనే లేస్తుంది, డబ్బా మీద స్పీడ్ కావాలంటే బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ, ఏఎండీ అయితే ఎక్స్‌పో అనే ర్యామ్ స్పీడ్ సెట్టింగ్ ఆన్ చేయాలి. ఆన్ చేస్తే హ్యాంగ్ అవుతోందంటే రెండు స్టిక్కులు ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లోనూ నాలుగో స్లాట్‌లోనూ ఉన్నాయా చూడండి. నాలుగు స్టిక్కులు నింపేశారా, అయితే ఆశ వదులుకోండి, రైజెన్ 7000కి ఏఎండీ అధికారికంగా చెప్పేది రెండు స్టిక్కులతో 5200, నాలుగైతే 3600 మాత్రమే. తర్వాత పెంచుకుందాంలే అని 8 జీబీవి రెండు కొనేకంటే మొదటే 16 జీబీవి రెండు కొనడం నయం.

ఓవర్‌క్లాకింగ్ ఆప్షనే కనిపించట్లేదు

కనిపించదు, ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం దాటించే ఆ ఆప్షన్ ఆ బోర్డుకి లేదు కాబట్టి. ఇంటెల్‌లో ప్రాసెసర్ పేరు చివర కె ఉండాలి, బోర్డు జెడ్ సిరీస్ అయ్యుండాలి, రెండూ కలవాలి. బీ760లో ర్యామ్ స్పీడ్ పెంచుకోవచ్చు, ప్రాసెసర్ వేగాన్ని తేల్చే మల్టిప్లయర్ పెంచలేరు, హెచ్610లో రెండూ లేవు. ఏఎండీ ఇక్కడ కాస్త ఉదారం, బీ సిరీస్ బోర్డుల్లోనూ పెంచనిస్తుంది, ఏ520, ఏ620లో మాత్రం కుదరదు.

ఆప్షన్ ఉన్నవాళ్లు 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ అరగంట స్ట్రెస్ టెస్ట్ పెట్టి చూసుకోండి. లేవకుండా పోతే భయపడక్కర్లేదు, ప్లగ్ తీసేసి బోర్డు మీద బయోస్ సెట్టింగులు చెరిపే క్లియర్ సీమోస్ పిన్లని ఒకసారి కలపండి, లేదా బిళ్ల బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి, పాత సెట్టింగ్‌కి వచ్చేస్తుంది. అయితే ఒక నిజం చెప్పనా, ఇప్పటి ప్రాసెసర్లని కంపెనీవాళ్లే చివరిదాకా పిండేసి అమ్ముతున్నారు, మనకి మిగిల్చేది కొంచెమే. దానికోసం జెడ్ బోర్డుకి అదనంగా పెట్టే డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెడితే గేమ్‌లో తేడా కంటికి కనిపిస్తుంది. మన ఎండకి వోల్టేజ్ తగ్గించుకునే అండర్‌వోల్టింగే తెలివైన పని.

ఏమీ ముట్టుకోకుండానే గేములు క్రాష్ అవుతున్నాయి, వీడియో మెమరీ చాలదంటోంది

ప్రాసెసర్ ఇంటెల్ 13 లేదా 14వ తరం ఐ7, ఐ9 అయితే గ్రాఫిక్స్ కార్డుని తిట్టకండి. వీటిలో కొన్ని ఎక్కువ వోల్టేజ్ తీసుకుని లోపల పాడవుతున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుంది, ఆగస్టులో 0x129, సెప్టెంబర్‌లో 0x12బీ అనే మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ నడకని సరిచేసే ప్రోగ్రాములు) ఇచ్చింది. అవి మన దగ్గరికి బయోస్ అప్‌డేట్ రూపంలోనే వస్తాయి. కాబట్టి బయోస్ మార్చి, అందులో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ పెట్టండి. ఇప్పటికే పాడైన చిప్‌ని అప్‌డేట్ బాగుచేయదు, వారంటీని రెండేళ్లు పొడిగించారు, మార్పించుకోవడమే. ఏఎండీ వాళ్లు నవ్వక్కర్లేదు, 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీలు కొన్ని సాకెట్‌లోనే మాడిపోయాయి, అప్పుడు ఎస్ఓసీ (ప్రాసెసర్ లోపల మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకి అందే) వోల్టేజ్‌ని 1.3కి మించనివ్వకుండా బయోస్‌లు ఇచ్చారు. బోర్డు కంపెనీ బయోస్‌లు ఎన్నాళ్లు ఇస్తోంది అన్నది అందుకే ముఖ్యం. కొనేముందు వాళ్లదే మూడేళ్ల కిందటి బోర్డు పేజీ తెరిచి ఆఖరి బయోస్ తేదీ చూడండి.

కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, యూఎస్‌బీలు ఊడి మళ్లీ కలుస్తున్నాయి

ఇంట్లో ఎర్తింగ్ లేదు. అద్దె పోర్షన్లలో మూడో కన్నం ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల కేబినెట్ మీద 230లో సగం వోల్టేజ్ తేలుతుంది, కరెంటు చాలా తక్కువ కాబట్టి చీమ కుట్టినట్టు ఉండి ఊరుకుంటుంది, పోర్టులకి మాత్రం మంచిది కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య కొలిపించండి, 230 దరిదాపుల్లో రావాలి. ఎర్తింగ్ గుంత ఉన్న ఇళ్లలో కూడా ఎండాకాలం అది ఎండిపోతుంది, ఉప్పు, బొగ్గు వేయించి బిందెడు నీళ్లు పోస్తుండండి. కరెంటు పోయి ఇన్వర్టర్‌కి మారేటప్పుడు సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంటే ఇన్వర్టర్ మీద స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌కి తిప్పండి, ఎస్‌ఎంపీఎస్ ఊపిరి బిగపట్టగలిగేది 16 మిల్లీసెకన్ల దాకానే.

చిన్నవి రెండు

రోజూ తేదీ తప్పు చూపిస్తోందంటే సీఆర్2032 బిళ్ల అయిపోయింది, వాచీల కొట్లో దొరుకుతుంది. బోర్డుకి నేరుగా బిగించే కొత్త ఎం.2 ఎస్‌ఎస్‌డీ పెట్టగానే పాత హార్డ్‌డిస్క్ మాయమైతే ఆ స్లాట్‌కీ హార్డ్‌డిస్క్ కేబుల్ గుచ్చిన సాటా పోర్టుకీ దారి ఒక్కటే, కేబుల్‌ని వేరే పోర్టుకి మార్చండి. మాన్యువల్లో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, కొనేముందే చదవాలి, ఎవరం చదవం.

కొత్త బోర్డు, మొదటి రోజు నుంచీ ఒక ర్యామ్ స్లాట్ పనిచేయట్లేదు

ఇది నాకే జరిగింది. ఇప్పటి ఇంటెల్, ఏఎం5 బోర్డుల్లో పిన్లు ప్రాసెసర్‌కి ఉండవు, సాకెట్‌లో ఉంటాయి, వెంట్రుక కంటే కొంచెం లావు, అంతే. షాపులో తొందరపడి సీల్ కూడా తీయకుండా తెచ్చుకున్నాను, ఇంట్లో మూత ఎత్తి ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేస్తే వరసల మధ్య ఒక్క పిన్ పక్కకి వాలి మెరుస్తోంది. ఫిజికల్ డ్యామేజీకి వారంటీ లేదన్నారు, నేను వంచలేదని రుజువు చేసుకోలేకపోయాను. చివరికి చిప్ లెవల్ రిపేర్ చేసే కుర్రాడు మైక్రోస్కోప్ కింద పెట్టి సూదితో లేపాడు, ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాను.

కాబట్టి కౌంటర్ మీదే డబ్బా తెరిపించండి, టార్చ్ వేసి నాలుగు వైపుల నుంచి చూడండి, ఫోటో తీయండి, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ వేయించుకోండి. సాకెట్ మీద వచ్చే ప్లాస్టిక్ మూతని ప్రాసెసర్ పెట్టాక పారేయకండి, వారంటీకి ఇచ్చేటప్పుడు అది లేకపోతే బోర్డు తీసుకోరు. మూత డబ్బాలో, డబ్బా అటక మీద.