ద్రాక్షారామంలో మాణిక్యాంబ దగ్గర కాస్త ఆగండి

కాకినాడ వైపో, రామచంద్రపురం వైపో వెళ్తూ ద్రాక్షారామంలో దిగేవారికి ఒక మాట. చాలామంది భీమేశ్వరుణ్ణి చూసి, పంచారామాలనే ఐదు శివక్షేత్రాల లెక్కలో ఒకటి పూర్తయిందనుకుని బస్సెక్కేస్తారు. మాణిక్యాంబ అమ్మవారిది విడిగా ఉన్న సన్నిధి. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. అక్కడికి వెళ్లకుండా తిరిగి రావద్దు.

వెళ్లే ముందు పిల్లలకు దక్షయజ్ఞం కథ చెప్పండి. ఆ యజ్ఞం జరిగింది ఇక్కడేనని స్థలపురాణం, దక్షారామమే ద్రాక్షారామమైందంటారు. పిలుపు లేకపోయినా పుట్టిల్లే కదా అని వెళ్లిన సతీదేవి, తండ్రి నోట భర్త నింద విని తట్టుకోలేక ప్రాణం వదిలింది. ఆమె శరీర భాగాలు పడిన చోట్లే శక్తిపీఠాలయ్యాయని, ఎడమ చెక్కిలి పడిన చోటే ఈ పీఠమని చెబుతారు. ఆడపిల్లకు పుట్టింట జరిగిన అవమానం కథ ఇది. అది తెలిసి అమ్మ ముందు నిలబడితే కళ్లు తడవకుండా ఉండవు, నాకైతే ప్రతిసారీ అంతే.

ఉదయం తొందరగా చేరండి, మధ్యాహ్నం గుడి మూస్తారు. సప్తగోదావరి గుండంలో కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లండి. మెట్లపై నాచు ఉంటే పెద్దవాళ్ల చేయి వదలకండి. భీమేశ్వర లింగం రెండంతస్తుల ఎత్తు కాబట్టి పైఅంతస్తుకూ ఎక్కాలి. గర్భగుడి చుట్టూ ఉన్న దారి చీకటిగా ఉంటుంది. కళ్లు అలవాటు పడేదాకా ఆగి, గోడ పట్టుకుని నడవండి.

వీలుంటే అదే రోజు పిఠాపురంలో పురుహూతికా అమ్మవారిని కూడా చూడవచ్చు. అదీ శక్తిపీఠమే.